డిసెంబరు మొదట్లో చిన్నపిల్లలతో స్కీయింగ్: టోక్యో నుంచి కరుయిజావా దాకా

నవంబరు వచ్చిందంటే టోక్యోలోని నిషి కసాయిలో మా తెలుగు కుటుంబాల మధ్య ఒక ప్రశ్న తిరగడం మొదలవుతుంది: "ఈసారి అన్నిటికంటే ముందు ఏ స్కీ రిసార్టు తెరుస్తున్నారు?" ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న వారికి నేను చెప్పేది ఒకటే. రిసార్టు తెరిచే తేదీతో మీకు పని లేదు. పిల్లల కోసం వేరుగా ఏర్పాటు చేసే చోటు ఎప్పుడు తెరుస్తారో కనుక్కోండి. కొన్నిచోట్ల ఈ రెండు తేదీల మధ్య వారాల తేడా ఉంటుంది.

సీజను మొదట్లో రిసార్టు తెరిచారంటే చాలాసార్లు ఒకటి రెండు వాలులు తెరిచారనే అర్థం. కొండంతా ఎండుగడ్డి, మధ్యలో సన్నటి తెల్లని పట్టీ. అందరూ ఆ పట్టీ మీదికే వస్తారు. వేసవంతా ఎదురుచూసిన ఆరితేరిన వాళ్లు, స్నోబోర్డు కుర్రాళ్లు, ఆ రోజే మొదటిసారి స్కీలు తొడిగిన పెద్దవాళ్లు, అంతా అక్కడే. నాలుగేళ్ల పిల్లవాడు దాని మధ్యలో పడి లేవలేక కూర్చుంటే, పైనుంచి వేగంగా వచ్చేవారికి తప్పుకోవడానికి చోటుండదు. అందుకే ఆ పట్టీ మీదికి చిన్నపిల్లలను తీసుకెళ్లడానికి నేను ఒప్పుకోను, ఎవరు ఎంత ధైర్యం చెప్పినా సరే.

పిల్లల చోటును ఇక్కడ కిడ్స్ పార్క్ అంటారు. చుట్టూ వల, దాదాపు చదునైన నేల, పైకి తీసుకెళ్లే కదిలే బెల్టు, పక్కన స్లెడ్జి బండ్లతో జారడానికి విడిగా ఇంకో వాలు ఉంటాయి. ఈ బెల్టును చిన్న విషయం అనుకోవద్దు. పిల్లలు దాని మీద నిలబడితే చాలు, వాళ్లంతట వాళ్లే పైకి చేరతారు. అది లేని చోట స్కీలు తొడిగిన పిల్లవాడిని పదిసార్లు వాలు పైకి నెట్టుకెళ్లవలసింది మీరే. గంటలో నడుం పట్టేస్తుంది, పిల్లవాడికి విసుగు పుడుతుంది, ఇద్దరికీ ఆ రోజు అక్కడితో అయిపోతుంది.

రిసార్టు వెబ్‌సైటులో వాలుల పరిస్థితి చూపే పేజీ ఒకటి ఉంటుంది. అందులో కిడ్స్ పార్క్ పేరు విడిగా కనిపిస్తుందో లేదో చూడండి. కనిపించకపోతే ఫోను చేయడమే మేలు. "కిజ్జు పాకు వా ఇత్సు కరా దెస్ క" అంటే పిల్లల పార్కు ఎప్పటి నుంచి అని అడిగినట్టు. జవాబులో నెల, తేదీ మాత్రం పట్టుకుంటే చాలు. అదే ఫోనులో అద్దెకిచ్చే బూట్లలో అతి చిన్నది ఎన్ని సెంటీమీటర్లో కూడా అడగండి. మూడు, నాలుగేళ్ల వాళ్లకు బూటు దొరకక వెనుదిరిగే కుటుంబాలను అద్దె కౌంటర్ల దగ్గర చూస్తూనే ఉంటాను.

ఎక్కడికి వెళ్లాలి

మంచు ఎక్కడ, ఎప్పుడు పడుతుందో ఒకసారి అర్థమైతే ఎంపిక సులువు. చలికాలంలో సైబీరియా నుంచి వచ్చే గాలి జపాను సముద్రం మీదుగా వస్తూ తేమను పీల్చుకుంటుంది. నీగాతా వైపు కొండలను తాకి పైకి లేచినప్పుడు ఆ తేమ మంచుగా కురుస్తుంది. కొండలు దాటి పసిఫిక్ వైపు దిగేసరికి గాలి పొడిబారిపోతుంది. నీగాతా కొండల్లోని ఎచిగో యుజావాలో మంచు ముంచెత్తుతున్న రోజే టోక్యోలో నీలాకాశం, మంచి ఎండ ఉండడానికి కారణం ఇదే.

కరుయిజావా పొడిగాలి వైపున, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ సహజంగా పడే మంచు తక్కువే కానీ చలి మాత్రం గట్టిది. మంచు తయారుచేసే యంత్రాలకు కావలసింది కూడా అదే. సన్నని నీటి తుంపరను గాలిలోకి చిమ్మితే, ఆవిరవుతూ అది ఇంకా చల్లబడి గడ్డకడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఆ పని అంత బాగా జరుగుతుంది. అందుకే స్టేషను పక్కనే ఉన్న కరుయిజావా ప్రిన్స్ హోటల్ స్నో రిసార్టును చాలా ఏళ్లుగా నవంబరు మొదట్లోనే తెరుస్తున్నారు. చిన్నపిల్లలతో డిసెంబరు మొదటి పదిహేను రోజుల్లో వెళ్లాలనుకుంటే నా ఓటు దానికే. డిసెంబరు రెండో వారానికల్లా వాలులు కొన్ని పెరుగుతాయి, జనం పలచబడతారు, బడి సెలవుల రద్దీ ఇంకా మొదలుకాదు.

డిసెంబరు 20 దాటాక వెళ్లేవారికి, ముఖ్యంగా క్రిస్మస్ సెలవులకు హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చే బంధువులు ఉన్నవారికి నీగాతా వైపున్న గాలా యుజావా రిసార్టు బాగుంటుంది. టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైలులో గంటా ఇరవై నిమిషాల లోపే. రైలు దిగిన భవనంలోనే అద్దె సామాను, బట్టలు మార్చుకునే గదులు, తీగ మీద పైకి వెళ్లే గొండోలా పెట్టెలు అన్నీ ఉంటాయి. 1990 డిసెంబరులో తెరిచిన ఆ స్టేషను చలికాలంలో మాత్రమే పనిచేస్తుంది. అయితే అక్కడి మంచు ఆకాశం నుంచి పడవలసిందే కాబట్టి డిసెంబరు మొదటి వారాన్ని నమ్ముకుని టికెట్లు కొనవద్దు.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. ఫుజీ పర్వతం వాలు మీద ఉన్న స్నో టౌన్ యెటిని అక్టోబరులోనే తెరుస్తారు. ఐసు గడ్డలను పొడిచేసి పరుస్తారు కాబట్టి వారికి చలితో పెద్దగా పని లేదు. ఆగలేని పెద్దవాళ్లకు అది సరే. కగురాలో నవంబరు చివరికే నిజమైన మంచు ఉంటుంది కానీ అది కొండ పైభాగంలో. రోప్‌వేలో, గొండోలాలో పైకి వెళ్లి, మళ్లీ వాటిలోనే దిగాలి. చిన్నపిల్లలతో అది ప్రయాసే. డబ్బు సంగతి పట్టించుకోనివారికి హొక్కైదో ఉంది. అక్కడి తొమాము రిసార్టులో డిసెంబరు మొదటి నుంచే మంచు, పైగా లోపల అలల కొలను కూడా ఉంటుంది. అక్కడికి విమానం ఎక్కాలి, చలి కూడా చాలా ఎక్కువ. పిల్లలకు మంచు నచ్చుతుందో లేదో తెలియకముందే అంత దూరం వెళ్లడం నాకు నచ్చదు.

ప్రయాణం, బస

కరుయిజావాకు అసామా అనే షింకన్‌సెన్ రైళ్లు తరచుగా ఉంటాయి, టోక్యో నుంచి దాదాపు 70 నిమిషాలు. బడిలో చేరని పిల్లలు ఒక పెద్దవారితో ఇద్దరి వరకు విడిగా సీటు తీసుకోకపోతే ఉచితంగా రావచ్చు. ప్రాథమిక పాఠశాల పిల్లలకు సగం ధర. తకాసాకి దాటాక రైలు సొరంగాల్లో ఏకబిగిన పైకి ఎక్కుతుంది, చెవులు మూసుకుపోతాయి. పిల్లల నోట్లో వేయడానికి చప్పరించే తీపి బిళ్లలు చేతికందేలా ఉంచుకోండి, పాలు తాగే బిడ్డ ఉంటే అప్పుడే పాలు పట్టండి.

కారులో వెళ్లేవారు టైర్ల విషయం తేలికగా తీసుకోవద్దు. మంచు, ఐసు ఉన్న దారిలో మామూలు టైర్లతో నడపడం నేరం, ఒకినావాలో తప్ప దేశమంతటా ఇదే నియమం. అద్దె కారుకు చలికాలపు టైర్లు ఉన్నాయా అని బుక్ చేసేటప్పుడే అడగాలి. ఆరేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు చట్టప్రకారం తప్పనిసరి. నన్నడిగితే చిన్నపిల్లలతో రైలే మంచిది. తిరుగు ప్రయాణంలో అందరూ నిద్రపోవచ్చు, నడిపేవారితో సహా.

ఒక్కరోజులో వెళ్లి రావచ్చు కానీ ఒక రాత్రి ఉండమంటాను. మొదటి రోజు మధ్యాహ్నం స్కీలు ముట్టుకోనివ్వకండి. స్లెడ్జి బండి, మంచు ముద్దలు, పడటం, లేవడం, అంతే. కాలి కింద మంచు ఎలా ఉంటుందో, చేతికి తగిలితే ఎంత చల్లగా ఉంటుందో పిల్లలకు ఆ పూట తెలియాలి. స్కీలు రెండోరోజు పొద్దున, ఒళ్లు అలసిపోకముందు.

గది మాత్రం రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. 2019-20 చలికాలం జపానులో అప్పటివరకు నమోదైన వాటిలో అత్యంత వెచ్చనిది. ఆ డిసెంబరులో ఎన్నో రిసార్టులు అనుకున్న తేదీకి తెరవలేకపోయాయి. రద్దు రుసుము ఎన్నో రోజు నుంచి పడుతుందో క్యాలెండరులో రాసుకుని, దానికి ముందురోజు రాత్రి రిసార్టు పేజీ, వాతావరణ సూచన రెండూ చూసి ఖాయం చేసుకోండి.

బట్టలు, బూట్లు

ఇక్కడ ఓపిక చూపిస్తే మిగతాదంతా సాఫీగా సాగిపోతుంది. చలేసిన పిల్లలకు ఏ కొండా నచ్చదు.

ఒంటికి ఆనుకుని హీట్‌టెక్ లాంటి పలుచని లోదుస్తు, దాని మీద ఫ్లీసు, పైన నీరు చొరబడని మంచు సూటు. మూడు పొరలు చాలు. నూలు బనియన్లు, జీన్సు వద్దు; చెమటను పీల్చుకుని ఆరవు, ఆ తడే తర్వాత వణుకు పుట్టిస్తుంది. మంచు సూటును అద్దెకు తీసుకోవచ్చు కానీ ఇక్కడే నివసించేవారు కొనడమే మేలు. నిషిమత్సుయా దుకాణాల్లో పిల్లలవి చవకగా దొరుకుతాయి, పెద్దవాళ్లకు వర్క్‌మ్యాన్ ఉంది. పిల్లలది కొనేటప్పుడు చేతిని, పంట్లాం కాలిని లోపలికి తిప్పి చూడండి. చాలా సూట్లలో అక్కడ ఒక మడత, దానిని పట్టి ఉంచుతూ వేరే రంగు దారంతో ఒక కుట్టు కనిపిస్తాయి. మరుసటి ఏడు ఆ దారాన్ని కత్తిరిస్తే మడత విప్పుకుని నాలుగైదు సెంటీమీటర్ల పొడవు వస్తుంది. మా పెద్దమ్మాయి సూటు అలాగే విప్పుకుంటూ వచ్చి ఇప్పుడు తమ్ముడి ఒంటి మీద ఉంది.

చేతి తొడుగులు, టోపీ, కళ్లద్దాలు చాలాచోట్ల అద్దెకివ్వరు, అమ్ముతారు. కొండ దగ్గర ధర ఎక్కువ, అందుకే ఊళ్లోనే కొనండి. ఐదేళ్లలోపు వారికి వేళ్లు విడివిడిగా ఉన్న తొడుగులు కాకుండా, బొటనవేలు ఒక్కటే విడిగా ఉండేవి తీసుకోండి. వేళ్లన్నీ ఒకచోట ఉంటే వెచ్చగా ఉంటాయి, తొడగడమూ క్షణాల్లో అయిపోతుంది. మధ్యాహ్నానికి మొదటి జత తడిసిపోతుంది కాబట్టి రెండో జత సంచిలో ఉండాలి. మెడకు వేలాడే మఫ్లరు వద్దు, లిఫ్టులో చిక్కుకుంటుంది. గొట్టంలా ఉండే నెక్ వార్మర్ వేయండి. హెల్మెట్ అద్దెకు దొరుకుతుంది, దాని విషయంలో మొహమాటం వద్దు. కైరో అనే వేడి పొట్లాలను చర్మానికి నేరుగా తగలనివ్వకండి. బట్ట మీదుగా అంటించినా పిల్లల విషయంలో మధ్యమధ్య చూస్తూ ఉండాలి, కాలినా వాళ్లు వెంటనే చెప్పలేరు.

పిల్లలు స్కీలంటే ఏడవడానికి సగం కారణం బూట్లు. సరిగ్గా తొడిగే పద్ధతి ఇది. ముందుగా బాత్రూముకు పంపండి. ఈ వరుస తప్పకూడదు. మోకాలి కిందివరకు వచ్చే ఒకే ఒక మేజోడు, ముడత లేకుండా. చలి అని రెండు జతలు తొడిగితే పాదం నలిగి రక్తం ఆడదు, కాలు ఇంకా చల్లబడుతుంది. లోపలి పంట్లాం కొస బూటులోకి దూరకూడదు, పిక్క మీద ఒరుసుకుంటుంది. బూటు బకిళ్లన్నీ పూర్తిగా విప్పి, నాలుకను ముందుకు లాగి పట్టుకుని, పాదాన్ని లోపలికి నెట్టమనండి. తర్వాత మడమను నేలకేసి రెండు మూడుసార్లు గట్టిగా కొట్టించండి. మడమ వెనక్కి కూర్చుంటుంది. ఇప్పుడు నిలబెట్టి, మోకాళ్లు కొద్దిగా ముందుకు వంచమనండి. నిటారుగా ఉన్నప్పుడు బూటుకు తగిలే బొటనవేలు, వంగినప్పుడు కాస్త వెనక్కి వస్తే ఆ సైజు సరైనది. అప్పుడు బకిళ్లు పెట్టి, మంచు సూటు లోపల ఉండే సాగే అంచును బూటు మీదికి లాగాలి. అది మంచును లోపలికి రానివ్వదు.

పాదం కొలత ఇంట్లోనే, సాయంత్రం పూట కాగితం మీద గీసి సెంటీమీటర్లలో రాసుకోండి. అద్దె కాగితంలో అది, ఎత్తు, బరువు అడుగుతారు. ముందే ఆన్‌లైనులో నింపగలిగితే పొద్దున తొమ్మిదింటి వరుస తప్పుతుంది.

మంచు మీద మొదటి పూట

నేర్పే పని శిక్షకులకు వదిలేయండి. నాన్నలు ఎంత ప్రేమగా నేర్పినా పావుగంటకు పిల్లవాడు "ఎత్తుకో నాన్నా" అంటాడు, ఎత్తుకుంటారు, అక్కడితో సరి. స్కీ బడులు సాధారణంగా నాలుగేళ్ల చుట్టుపక్కల నుంచి పిల్లలను చేర్చుకుంటాయి. సీజను మొదట్లో శిక్షకులు తక్కువమందే ఉంటారు, ముందుగా బుక్ చేయండి. జపనీస్ రాదని వెనుకాడవద్దు. ఆ వయసులో చేసి చూపిస్తే చాలు, మాటలతో పెద్దగా పని పడదు. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనుక కొసలు దూరంగా పెట్టి ఆగడం నేర్పుతూ శిక్షకులు "ఒనిగిరి, ఒనిగిరి" అంటుంటారు. మా చిన్నవాడు ఆ ముక్కోణపు అన్నం ముద్దను దిష్టి తగిలేంత ఇష్టంగా తింటాడు కాబట్టి వెంటనే పట్టేసుకున్నాడు. పాఠం జరుగుతున్నంతసేపు పిల్లలకు కనిపించని చోట నిలబడండి. అమ్మ కనిపిస్తే కన్నీళ్లు వస్తాయి.

పాఠం అయ్యాక వెంటనే లిఫ్టు ఎక్కించాలని ఉంటుంది. పిల్లలు తమంతట తాము ఆగగలిగితేనే ఎక్కించండి. ఎక్కే చోట లిఫ్టు మనిషితో "యుక్కురి ఒనెగాయిషిమాస్" అంటే వేగం తగ్గిస్తారు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, ఇక్కడి తల్లిదండ్రులూ అడుగుతారు. పిల్లలను లిఫ్టు మనిషి నిలబడే వైపు కూర్చోబెట్టి, అడ్డకడ్డీ వెంటనే దించండి.

గంటా గంటన్నర అయ్యాక, పిల్లలు ఇంకా కావాలంటున్నా సరే, లోపలికి తీసుకెళ్లి వేడిగా ఏమైనా తాగించండి. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది, మధ్యాహ్నం మూడు దాటితే చలి ఒక్కసారిగా కొరుకుతుంది. రెండున్నరకు బూట్లు విప్పేయడం మా ఇంటి లెక్క.

తిండి

భోజనశాలల్లో కర్రీ రైస్, రామెన్, ఉడాన్ (లావు నూడుల్స్), కరాగే (వేయించిన కోడి ముక్కలు) ఉంటాయి. మాంసం తినేవారికి ఏ ఇబ్బందీ లేదు. శాకాహారులు మాత్రం జాగ్రత్తపడాలి: కర్రీలో కూరగాయలు మాత్రమే కనిపించినా దాని ముద్దలో పశువుల కొవ్వు కలవడం మామూలే, ఉడాన్ చారు చేపతో కాస్తారు. కొంబిని (చిల్లర సరుకుల) దుకాణంలో ఉమెబోషి, అంటే ఊరబెట్టిన పుల్లటి పండు పెట్టిన ఒనిగిరిలో కూడా చేప పొడి కలిసి ఉండవచ్చు. ఫోను కెమెరాతో వెనుక రాసిన పదార్థాలను అనువదించి చూసుకోండి.

నేను వెడల్పు మూతి ఫ్లాస్కులో సాంబారన్నం తీసుకెళతాను. ముందు అందులో మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోయాలి, తర్వాత పొగలు కక్కే అన్నం నింపాలి. అలా చేస్తే మధ్యాహ్నానికీ వేడిగానే ఉంటుంది. పులిహోర మన ప్రయాణాల తిండే కానీ చలికి మెతుకు బిరుసెక్కి పిల్లలు నమలరు. అది రైల్లో తినేయండి. బయటి తిండిని విశ్రాంతి గదిలో మాత్రమే తిననిస్తారు, అది ఎక్కడుందో వెళ్లగానే చూసుకోండి. పదకొండింటికే తినేస్తే బల్ల దొరుకుతుంది, పన్నెండింటికి నిలబడటానికి కూడా చోటుండదు.

పెద్దవాళ్ల సంగతి

నవంబరు, డిసెంబరుల్లో చాలా ఇళ్లలో అమ్మమ్మో నాయనమ్మో తాతయ్యో ఇండియా నుంచి వచ్చి ఉంటారు. వారిని ఇంట్లో వదిలేయకండి. కరుయిజావాను నేను ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం: స్కీ వాలులను ఆనుకునే పెద్ద షాపింగ్ ప్లాజా ఉంది, వెచ్చగా కూర్చోవచ్చు, అలసిపోకుండా తిరగవచ్చు. మా అత్తయ్యగారు తెల్లని వాలును కిటికీలోంచి చూస్తూ కాఫీ తాగి, తర్వాత మనవడు స్లెడ్జి మీద జారుతుంటే కింద నిలబడి పట్టుకున్నారు. వారికి కావలసినవి జారని అడుగున్న బూట్లు, చెవులు కప్పే టోపీ. శాలువా చాలదు.

హోటల్లో అందరూ కలిసి స్నానం చేసే వేడినీళ్ల తొట్టికి మనవారిలో చాలామంది ఇష్టపడరు. కాషికిరి అని ఒక కుటుంబానికి గంట లెక్కన ఇచ్చే స్నానాల గది ఉందేమో బుక్ చేసేటప్పుడే అడగండి. డైపరు వాడే పిల్లలను పెద్ద తొట్టిలోకి రానివ్వరు, వారికీ ఇదే మార్గం. స్నానం కాగానే ముఖానికి, పెదాలకు కొబ్బరినూనెగానీ వాజలీన్‌గానీ రాయండి, అక్కడి పొడిగాలికి రాత్రికే పగుళ్లు వస్తాయి.

వాలులు తెరవకపోతే

పిల్లలకు మాట ఇచ్చేటప్పుడు "మంచు కొండకు వెళుతున్నాం" అనకుండా "రైలెక్కి కొండ ఊరికి వెళుతున్నాం" అనండి. వాన పడినా, వెచ్చబడి మంచు కరిగినా ఆ మాట నిలబడుతుంది. కరుయిజావా నుంచి యొకొకావాకు కొండదారిలో బస్సు ఉంది, అరగంట పైచిలుకు. ఉసుయి కనుమ మీదుగా 1893 నుంచి నడిచిన పాత రైలు మార్గాన్ని 1997లో షింకన్‌సెన్ వచ్చాక మూసేశారు. ఆ లైను మీద బళ్లను నెట్టిన ఇంజన్లు యొకొకావాలోని రైల్వే పార్కులో ఉన్నాయి. రైళ్ల పిచ్చి ఉన్న పిల్లలకు ఒక పూట ఇట్టే గడిచిపోతుంది. మంగళవారం సెలవు. బస్సులు రోజుకు కొన్నే ఉంటాయి కాబట్టి కరుయిజావాలో దిగగానే స్టేషను ముందున్న వేళల పలకను ఫొటో తీసి ఉంచుకోండి, ముఖ్యంగా తిరుగు బస్సు వేళలు.